కట్లు విప్పవలసినది మనమే

(శతవార్షికోత్సవ సందర్భమున హిందూపురములో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సంఘములవారు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



కమిటీవారు నాకు ఇచ్చిన అంశము “విశ్వాసము ద్వారా వ్యసన విముక్తి”. ఆ కాగితము చేతికి వచ్చిన తరువాత సరే అనడానికి నాకు రెండు దినములు పట్టినది. ఈ అంశము మీద మన కూటములలో ప్రసంగము ఎట్లుంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక తాగుబోతు ఉండేవాడు, సంఘము ప్రార్థించినది, అతడు సీసా పారవేశాడు, ఆమేన్. వినడానికి బాగుంటుంది. అయితే ఆ వినేవారి మధ్యలో, కూటము అయిపోయిన తరువాత ఇంటికి ఎట్లా పోయేదని గుండె దడతో కూర్చున్న తల్లి ఒకతె ఉంటుంది. ఆమెకు ఆ ప్రసంగము వలన ఒక్క పూట కూడా గడవదు. కాబట్టి నేను ఈ దినము మేము చేసిన పొరపాటుతో మొదలుపెడతాను.

మన మూడు ఊళ్ళూ ఒకే రైలుదారి మీద ఉన్నవి. ధర్మవరంలో బెంగుళూరు రైలు ఎక్కితే పెనుకొండ, ఆ తరువాత హిందూపురం, అది దాటితే కర్ణాటక. 2022లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మూడూ కలిసే శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినవి. ఊళ్ళ బ్రతుకుతెరువులు వేరు. ధర్మవరంలో గుంత మగ్గము, పట్టుచీర. హిందూపురంలో బెల్లము, చింతపండు, పట్టుగూళ్ళ మార్కెట్టు, ఫ్యాక్టరీలు. పెనుకొండ చుట్టూ చెనక్కాయ పొలములు, ఇటీవల కార్ల ఫ్యాక్టరీ. తాగుడు మాత్రము మూడింటికీ ఒక్కటే. మగ్గము గుంతలో కాళ్ళు పెట్టుకొని పొద్దస్తమానము కూర్చున్నవాడు నడుము నొప్పికని మొదలుపెడతాడు. చీర కొలిక్కి వచ్చి కూలి చేతబడిన రాత్రి అది అప్పుకింద కొంత, అంగడికి కొంత పోతుంది. వాన రాని సంవత్సరము రైతు బాధకు తాగుతాడు, వాన వచ్చిన సంవత్సరము సంతోషానికి తాగుతాడు. బెంగుళూరులో కట్టడపు పనికి పోయినవాడు వారానికొకమారు ఆ రైలులోనే తాగి వస్తాడు. పిల్లలలో ఇప్పుడు గంజాయి, మత్తు మాత్రలు కూడా కనిపిస్తున్నవి. ఫోనులో పందెములు కాసి ఇల్లు గుల్ల చేసుకున్నవారూ ఉన్నారు. వాటిని గూర్చి చెప్పడానికి నాకంటే తెలిసినవారు ఉన్నారు గనుక నేను తాగుడు దగ్గరే ఉంటాను.

మన సంఘములలో తాగేవారు లేరని ఒక మాట అలవాటుగా అంటాము. ఆదివారము బల్లల మీద ఉన్నవారిని చూస్తే అది నిజమే అనిపిస్తుంది. తాగేవాడు ఆదివారము రాడు. వాని భార్య వస్తుంది. చేతినిండా గాజులు, వాటి పైదాకా పూర్తి చేతుల రవికె, ఎండాకాలములో కూడా.

అటువంటి ఒకామె కొన్ని సంవత్సరముల క్రిందట రాత్రి తొమ్మిదిన్నరకు మా ఇంటి తలుపు తట్టినది. ఏ ఊరో, ఏ సంఘమో చెప్పను. ఆమె అనుమతి తీసుకొనే చెబుతున్నాను. చంకన చిన్నపిల్ల, కొంగు పట్టుకొని పెద్దపిల్ల. “టీచరమ్మా, ఈ రాత్రికి ఈడ పండుకోనియ్యండి. మా ఆయప్ప మనిషిగా లేడు” అన్నది. అప్పుడు నేను సంఘములో పెద్దరికము చేస్తున్నాను, బడిలో ముప్పై ఏండ్లు పాఠము చెప్పినదానను. ఆమెను లోపలికి పిలిచాను, మజ్జిగ ఇచ్చాను, మోకాళ్ళూని ప్రార్థన చేశాను. మంచి ప్రార్థనే చేశాను, అది నాకు గుర్తున్నది. ఆ తరువాత ఇంకొక పెద్దమనిషిని పిలిపించి, ఇద్దరమూ ఆమెను వెంటబెట్టుకొని ఇంటికి తీసుకొనిపోయి దిగబెట్టి వచ్చాము. భర్త గుమ్మములోనే ఉన్నాడు. “అమ్మా, తప్పు నాదే” అని మాకు దండము పెట్టాడు. ఓర్చుకోమ్మా, ప్రభువు మార్చుతాడు, అని ఆమెకు చెప్పి మేము వచ్చేశాము. సమాధానము చేసి వచ్చామనే తృప్తితో నేను ఆ రాత్రి సుఖముగా నిద్రపోయాను.

తెల్లవారి ఆమె ఆసుపత్రిలో ఉన్నది. కుడి మోచేయి విరిగినది. ఎందుకు విరిగినదని అడిగితే, గడపలో జారి పడ్డానని డాక్టరుగారికి చెప్పినది. నన్ను చూసి కూడా అదే మాట చెప్పినది. నా ఎదుట కూడా అబద్ధమాడవలసిన అవసరము ఆమెకు ఎందుకు వచ్చినదో ఆలోచిస్తూ నేను చాలా దినములు గడిపాను. నిజము చెబితే నేను ఏమి చేస్తానో ఆమెకు తెలిసిపోయినది. మళ్ళా ప్రార్థన చేసి అదే గుమ్మములో దిగబెడతాను.

ప్రార్థన తప్పు అని నేను అనడము లేదు. ఆ రాత్రి నేను ప్రార్థనను ఒక పరదాగా వాడుకున్నాను. నాకు భయము వేసినది. ఊరిలో మాట వస్తుందని, సంఘము పేరు పోతుందని, వాడు నా ఇంటి మీదికి వస్తాడని. ఆ భయమును కప్పుకోవడానికి మోకాళ్ళూనాను.

ఆ తరువాత నేను అబీగయీలు చరిత్ర మళ్ళీ చదివాను. సమూయేలు మొదటి గ్రంథము ఇరవై అయిదవ అధ్యాయము. ఆదివారపు బడిలో ఎన్నోమార్లు చెప్పిన కథే. నాబాలు గొప్ప ఆస్తిపరుడు, మొరటువాడు, అతనితో మాట్లాడడము ఎవరివలనా కాదని అతని పనివాడే అబీగయీలుతో అంటాడు. దావీదు మనుష్యులు కత్తులు కట్టుకొని ఇంటి మీదికి వస్తున్నారని తెలిసినప్పుడు ఆమె భర్తకు చెప్పకుండానే రొట్టెలు, మాంసము గాడిదల మీద వేయించుకొని ఎదురు పోయినది. నా భర్త ఇటువంటివాడు అని పరాయి మనిషి ఎదుట దాచకుండా చెప్పినది. దానిని లేఖనము ఎక్కడా తప్పుపట్టలేదు. ఆమె బుద్ధిని దావీదు మెచ్చుకున్నాడు. అంతకంటె నాకు నచ్చినది ఆ తరువాతి మాట. ఆమె ఇంటికి తిరిగి వచ్చేసరికి నాబాలు విందులో ఒళ్ళు తెలియకుండా తాగి ఉన్నాడు. ఆమె ఆ రాత్రి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తెల్లవారి మత్తు దిగిన తరువాతనే జరిగినది చెప్పినది. మూడువేల సంవత్సరముల నాటి ఆ స్త్రీకి తెలిసిన సంగతి నాకు తెలియలేదు. తాగి ఉన్న మనిషికి రాత్రి పూట బుద్ధి చెప్పడానికి ఇద్దరము పెద్దలము బయలుదేరి పోయాము!

తామారు చరిత్ర కూడా చదవండి. దానిని మన ప్రసంగములలో ఎవ్వరూ ఎత్తుకోరు. సవతి అన్న ఇంటిలో, అతని చేతిలోనే ఆమె చెడిపోయినది. మరియొక అన్న ఆమెను ఊరుకోమన్నాడు. తండ్రియైన దావీదు విని కోపపడ్డాడు, కోపపడి ఏమీ చేయలేదు. ఆ ఊరుకోవడము వలన ఆ ఇంట ఎంత రక్తము పారినదో తరువాతి అధ్యాయములలో ఉన్నది. “ఊరుకోమ్మా” అనే మాట మనము ఈ కాలములో కనిపెట్టినది కాదు.

ఇక చట్టము సంగతి క్లుప్తముగా చెబుతాను. మద్యనిషేధము మన ప్రాంతమునకు కొత్తది కాదు. రాజాజీ ప్రభుత్వము 1937లో సేలములో మొదలుపెట్టి, మరుసటి సంవత్సరము మన పొరుగునున్న కడపకు, చిత్తూరుకు తెచ్చినది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా వచ్చినది. తరువాతి కాలములో పోయినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగళ్ళ మీద తిరగబడ్డారు. అక్షరదీపము తరగతులలో కూర్చున్న పల్లెటూరి ఆడవారు అంత పని చేశారు. 1993 అక్టోబరులో సారా నిలిచిపోయినది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చినది, 1997లో అదీ సడలినది. నిషేధము ఉన్న ఆ రెండేండ్లు మన హిందూపురము మనుష్యులు గౌరిబిదనూరు దిక్కు పోయి తాగి వచ్చిన సంగతి మీలో పెద్దవారికి జ్ఞాపకముంటుంది. 2024 అక్టోబరు నుండి 99 రూపాయలకే క్వార్టరు సీసా అంగళ్ళలోకి వచ్చినది. దూబగుంట స్త్రీలను నేను గౌరవిస్తాను. అంగడి తెరచినా మూసినా, మన ప్రక్క బల్ల మీది మనిషిని విచారించే పని మాత్రము మన మీదనే ఉంటుంది.

సంఘము ఈ పనిలో ఏమి చేయగలదని అడిగేవారికి ఒక సంగతి చెబుతాను. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే పేరు మీరు వినియుంటారు. తాగుడు మానదలచినవారు పేర్లు బయటపెట్టకుండా కూడుకొనే సహవాసము. అది పుట్టినది ఒక గురువుగారికి వచ్చిన టెలిఫోను వలన. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే అమెరికా దేశస్థుడు, తాగుడు మాని కొద్ది నెలలే అయినవాడు, వ్యాపారపు పని మీద ఓహయో రాష్ట్రములోని ఏక్రన్ పట్టణానికి పోయాడు. పని చెడిపోయినది. హోటలు వసారాలో ఒక ప్రక్క మద్యశాల నుండి నవ్వులు వినబడుతున్నవి, మరియొక ప్రక్క టెలిఫోను ఉన్నది, దాని దగ్గర ఆ ఊరి చర్చీల పట్టిక ఉన్నది. అతడు ఆ పట్టికలో ఒక గురువుగారి పేరు చూసి ఫోను చేసి, తనవలె తాగుడుతో బాధపడే మరియొక మనిషితో మాట్లాడించమని అడిగాడు. ఆ గురువుగారు కొందరి పేర్లు ఇచ్చారు. ఆ పేర్ల వెంట పోగా పోగా బాబ్ స్మిత్ అనే డాక్టరు దొరికాడు, అతడు కూడా తాగుబోతే. ఆ డాక్టరు కడపటిసారి తాగిన 1935 జూన్ 10వ తేదీనే ఆ సహవాసపు పుట్టినరోజుగా లెక్కిస్తారు. మన దేశములో 1957 నుండి ఆ కూటములు నడుస్తున్నవి. వారి పద్ధతి అంతా మన విశ్వాసపు చెట్టు నుండి కోసిన కొమ్మే. తప్పు ఒప్పుకోవడము, మరియొక మనిషి ఎదుట పేరుపెట్టి చెప్పుకోవడము, తనవలన నష్టపడినవారి పట్టీ వ్రాసుకొని సరిచేయడము. జక్కయ్య చేసినది ఇదే కదా. ఇంటివారి కోసము 1951లో అల్-అనాన్ అని వేరే సహవాసము ఏర్పడినది. తాగుబోతు భార్యకు, పిల్లలకు కూడా సొంతముగా స్వస్థత కావాలని వారు ముందే గుర్తించారు. మనము ఆలస్యముగా గుర్తించాము.

మద్రాసులో శాంతి రంగనాథన్ గారి సంగతి కూడా చెప్పాలి. ఆమె మన సంఘస్థురాలు కారు. తాగుడు వలన 1979లో భర్తను పోగొట్టుకొని, మరుసటి సంవత్సరమే ఆ జబ్బుతో ఉన్నవారికి, వారి కుటుంబములకు చికిత్స చేసే సంస్థను స్థాపించారు. మంచి సమరయుడు ఏ వంశమువాడని ప్రభువు ముందుగా అడగలేదు. మనమూ నేర్చుకోవచ్చును.

ఇప్పుడు ఒక హెచ్చరిక. దీనిని దయచేసి మీ ఊరిలో నలుగురికి చెప్పండి. ఏండ్ల తరబడి ప్రతిదినము గట్టిగా తాగిన మనిషి ఒక్కసారిగా మానితే ప్రాణము మీదికి రావచ్చును. మానిన కొన్ని గంటలకే చేతులు వణుకుతవి, చెమటలు పోస్తవి. ఒకటి రెండు దినములలో మూర్ఛ రావచ్చును. రెండవ దినము నుండి నాల్గవ దినము లోపల కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తవి. మాకు తెలిసిన ఒక ఇంటిలో తండ్రిని గదిలో పెట్టి గొళ్ళెము వేసి ఉపవాస ప్రార్థన మొదలుపెట్టారు. మూడవ దినము అతడు గోడ మీద పాములని కేకలు వేశాడు. దయ్యమని మేమందరము ఇంకా గట్టిగా ప్రార్థించాము. బయట ఉన్న ఆటో అబ్బాయి, క్రైస్తవుడు కూడా కాదు, “అమ్మా, మా నాయనకూ ఇట్లే అయింది, ఆసుపత్రికి ఎత్తండి” అని పట్టుబట్టి తీసుకొనిపోయాడు. డాక్టరుగారు ఇంకొక పూట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పి మమ్మును గట్టిగానే మందలించారు. ప్రభుత్వ ఆసుపత్రిలో నరములకు శాంతినిచ్చే మందు, బి1 విటమిను సూదులు వేసి ఆ దినములు దాటించగలరు. కష్టమైన కేసులకు మనకు బెంగుళూరు నిమ్హాన్స్ రైలు దూరములోనే ఉన్నది, అక్కడ వ్యసనములకు ప్రత్యేక విభాగము ఉన్నది. 14446 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. లూకా వైద్యుడు. ఆసుపత్రికి పోవడము అవిశ్వాసమని ఎవరైనా అంటే ఆ సంగతి వారికి జ్ఞాపకము చేయండి.

మరియొక సంగతి. తాగుడు, కొట్టుడు రెండూ ఒకటే అనుకున్నాము మేము. తాగుడు మానితే చేయి కూడా ఆగుతుందని. ప్రభుత్వమువారు 2019 నుండి 2021 వరకు చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తరచుగా తాగే భర్తలున్న స్త్రీలలో నూటికి సుమారు 70 మంది దెబ్బలు తిన్నవారే. ఆ లెక్క చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. తాగని భర్తలున్న స్త్రీలలో కూడా నూటికి 23 మంది ఉన్నారని అదే సర్వే చెబుతున్నది. సీసా ముట్టకుండా, పాటల పుస్తకము చంకన పెట్టుకొని వచ్చి, ఇంటిలో చేయి చేసుకొనేవారు మనలో ఉన్నారు. వారిని తాగుడు మాన్పించే కూటమునకు పంపి ఏమి లాభము? అది వేరే పాపము, వేరుగా ఒప్పుకోవాలి, వేరుగా లెక్క అప్పజెప్పాలి.

మా కూటము సంగతి అడిగారు కాబట్టి చెబుతాను. చర్చి వెనుక ఆదివారపు బడి గది ఒకటి ఉన్నది. గురువారము రాత్రి ఏడు గంటలకు పురుషులు కూడుకుంటారు. బుధవారము పగలు మూడు గంటలకు స్త్రీలు. మొదట అందరినీ ఒకేసారి కూర్చోబెట్టాము, అది తెలివితక్కువ పని. భర్త ఎదుట ఏ భార్య నోరు తెరుస్తుంది? కూటములో పాట ఒకటి, చిన్న ప్రార్థన ఒకటి, ఆ తరువాత ఎవరి సంగతి వారు చెప్పుకుంటారు. ప్రసంగము లేదు. ఇది మా అయ్యగారికి మొదట కష్టముగానే తోచినది, ఇప్పుడు ఆయనే వెనుక బల్ల మీద కూర్చొని వింటారు.

ఒక్క కట్టుబాటు మాత్రము గట్టిగా పెట్టుకున్నాము. గదిలో విన్నది బయట చెప్పకూడదు, ప్రార్థన మనవిగా కూడా చెప్పకూడదు. మీరు నవ్వుతున్నారు. “ఫలానా సహోదరుని కోసము ప్రార్థించండి, పాపము, మళ్ళా మొదలుపెట్టాడట” అని ఆదివారము మధ్యాహ్నానికి ఊరంతా పాకించే విద్య మనకు బాగా తెలుసు. ఆ ఒక్క విద్య వలన మా కూటము మొదటి సంవత్సరములోనే రెండుమార్లు చెదిరిపోయినది.

వచ్చినవారిలో చాలామంది మళ్ళీ తాగారు. కొందరు మళ్ళీ వచ్చారు. ఒకాయన అయిదుమార్లు మాని ఆరవమారు నిలిచాడు, మగ్గము మనిషి. గుంతలోకి దిగేముందు ఈ దినము ఒక్కటే అని తనతో తాను చెప్పుకొని పోగు పడతానంటాడు. సాయంత్రము ఆరు గంటలకు అతనికి కష్టకాలము, అంగడివైపు కాళ్ళు లాగుతవి. ఆ గంటకు మా సంఘపు పెద్ద ఒకాయన రోజూ అతని మగ్గము దగ్గరికి పోయి టీ తాగి వచ్చేవాడు. ఒకటిన్నర సంవత్సరము పోయాడు. ఆయనకు ప్రసంగము చేయడము రాదు, చదువు కూడా తక్కువే. ఈ పనిలో మా అందరికంటె ఎక్కువ చేసినవాడు ఆయనే.

ప్రభు సంస్కారము విషయము కూడా పెద్దలు ఆలోచించాలి. ఆ మగ్గము మనిషి ఎనిమిది నెలలుగా మాని, సంస్కారపు ఆదివారము మాత్రము రాకుండా ఉండేవాడు. ఆత్మీయముగా చల్లబడ్డాడని మాలో కొందరు అన్నారు. అడిగితే, “అమ్మా, ఆ గిన్నె వాసన నాకు చాలు” అన్నాడు. అప్పటి నుండి మా సంఘములో పులియని ద్రాక్షరసమే వాడుతున్నాము. ద్రాక్షపండ్లు తెచ్చి, కాచి వడకట్టి ఇద్దరు స్త్రీలు ముందురోజు సిద్ధము చేస్తారు. ఖర్చు పెద్దది కాదు.

సాక్ష్యముల విషయములో మేము తొందరపడి బుద్ధి తెచ్చుకున్నాము. మూడు నెలలు మానిన ఒక యువకుని కన్వెన్షను వేదిక ఎక్కించాము. చప్పట్లు కొట్టాము. స్త్రీల వైపు కూర్చున్న అతని భార్య ముఖము ఎవరూ చూడలేదు. ఆమె నగలు, ఆమె గాయములు అన్నీ అతని సాక్ష్యములో అలంకారములైనవి. అతడు రెండు వారములకే మళ్ళా తాగాడు, సిగ్గుతో సంఘమే మానుకున్నాడు. దయ్యములు వదలిన గెరాసేనుల దేశపువాడు దోనె ఎక్కి వెంట వస్తానంటే ప్రభువు వద్దన్నాడు, ముందు నీ ఇంటివారి దగ్గరకు పొమ్మన్నాడు. ఇప్పుడు మేము సంవత్సరము నిండనిదే ఎవరినీ వేదిక ఎక్కించము. నిండినా ముందుగా ఇంటివారిని విడిగా అడుగుతాము.

దెబ్బలు తిని వచ్చిన స్త్రీ విషయములో మా పద్ధతి ఇది. రాత్రి పూట వస్తే తిరిగి పంపము. ముగ్గురి ఇండ్లలో ఒక్కొక్క గది ఉన్నది, ఏ ఇండ్లో అందరికీ చెప్పము. గాయములుంటే ముందు ఆసుపత్రి, అక్కడ నిజము చెప్పి వ్రాయించుకోవడము. 2005 సంవత్సరపు గృహహింస చట్టము ప్రకారము ఆమె తాను కాపురమున్న ఇంటిలో ఉండే హక్కును కోర్టులో అడగవచ్చును, అతనినే బయట ఉండమని ఉత్తరువు కూడా అడగవచ్చును. ఇది మన ఆడపడుచులలో చాలామందికి తెలియదు. 181కి ఫోను చేయవచ్చును, ప్రాణభయముంటే 112కి. పిల్లల మీద, ముఖ్యముగా చెడ్డ ఉద్దేశముతో ఎవరైనా చేయివేస్తే అది సంఘ పెద్దలు కూర్చొని రాజీ చేసే వ్యవహారము కాదు. 2012 సంవత్సరపు చట్టము ప్రకారము తెలిసినవారు పోలీసులకు తెలియజేసి తీరాలి, చేసినవాడు ఎవరైనా సరే, మన బల్ల మీదివాడైనా సరే. పిల్లల కోసము 1098 నంబరు ఉన్నది.

క్షమాపణ మాట ఏమి అని అడుగుతారు. క్షమించడము విశ్వాసికి విధి. క్షమించిన మనిషి అదే పైకప్పు క్రింద ఆ రాత్రే పండుకోవాలని లేఖనము ఎక్కడ చెప్పినదో నాకు చూపించండి. సౌలు తన మీద ఈటె విసరితే దావీదు తప్పుకొని పారిపోయాడు. తరువాత సౌలు చేతికి చిక్కినా చంపలేదు, ఏడ్చి మాటలు చెప్పినా వెంట ఇంటికి పోలేదు. మనసులో పగ లేదు, అయినా దూరముగానే ఉన్నాడు.

లాజరు సమాధి దగ్గర ప్రభువు పిలుపుతో చనిపోయినవాడు బయటికి వచ్చాడు. అయితే కాళ్ళకు చేతులకు ప్రేతవస్త్రములు అట్లే ఉన్నవి. వాటిని విప్పే పని ప్రభువు అక్కడ నిలిచినవారికి అప్పగించాడు. వారిలో ఒక్కరైనా ఆ గుడ్డల వాసనకు ముక్కు మూసుకొని ఉంటారని నేను అనుకుంటాను. ఈ కూటములో ఆ మాట నాకు తరచుగా గుర్తుకు వస్తుంది.

మోచేయి విరిగిన ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాను. నేను ఆమె దగ్గరకు పోయి, ఆ రాత్రి నేను చేసినది తప్పమ్మా, నన్ను క్షమించు, అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, “మళ్ళా ఎవురన్నా వస్తే లోపల పెట్టుకోండి” అన్నది. ఆమె మొదట ఇంకొకరి ఇంటిలో, తరువాత బాడుగ గదిలో పిల్లలతో ఉండి, టైలరింగు పని నేర్చుకున్నది. చేయి పూర్తిగా చాపలేదు గాని మిషను తొక్కుతుంది. బుధవారపు కూటమునకు వస్తుంది. మొదటి సంవత్సరము ఒక్క మాట కూడా మాట్లాడలేదు, ఎవరమూ అడగలేదు. ఇప్పుడు కొత్తగా వచ్చినవారి ప్రక్కన ఆమెయే కూర్చుంటుంది.

భర్త రెండేండ్లు ఇంకా చెడి, ఆసుపత్రి పాలై, లేచాడు. మానుకొని నాలుగేండ్లు దాటినది. ఆమె ఉన్న ఊరి కూటమునకు రాకూడదని తనంతట తానే మరియొక ఊరి కూటమునకు రైలులో పోతాడు. వారు మళ్ళా కాపురము చేయలేదు. చేయమని మేము చెప్పలేదు. అతడు ఆమెకు చేసిన నష్టమంతా ఒక పాత నోటు పుస్తకములో వ్రాసుకొని, కూలి డబ్బులో నుండి నెలనెలా పిల్లల ఫీజు అయ్యగారి చేతికి ఇస్తాడు. ఆ పుస్తకములో మొదటి పద్దు ఆమె పెండ్లినాటి కమ్మలు. అవి కుదువ కొట్టులో మునిగిపోయినవి. పోయిన క్రిస్మసుకు అదే తూకముతో, అదే మాదిరి కమ్మలు చేయించి తెచ్చి అయ్యగారి బల్ల మీద పెట్టాడు. ఆమెకు కబురు చేశాము. వచ్చి, పొట్లము విప్పి చూసి, చెవులకు పెట్టుకోలేదు. మళ్ళా కాగితములో చుట్టి, “పెద్దదానికి పనికొస్తాయి లే అమ్మా” అని సంచిలో వేసుకొని, మిషను మీద రవికెలు మిగిలి ఉన్నవని వెళ్ళిపోయినది.